సాలవ్వ సరిచేసిన చక్రాలు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు మీద, వరికోత మిషన్లు నిలబెట్టుకునే ఖాళీ జాగాను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద ఉన్న పేరు అబ్రాహాముది. కానీ ట్రాక్టరు ముందుచక్రాలు మాట వినడం లేదని తెలిసిన రైతు ఎవరూ "అబ్రాహాము దగ్గరికి పోతున్న" అనడు. "సాలవ్వ దగ్గరికి పోతున్న" అనే అంటాడు.

సాలవ్వ అబ్రాహాము భార్య. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చీర మీద భర్త పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, జేబులో సుద్దముక్క వేసుకుందంటే ఇక పొద్దుగూకే దాకా ఆమె కూర్చోగా ఎవరూ చూడరు.

ఆమె ఈ పనిలోకి కావాలని రాలేదు. పుట్టిల్లు పెద్దకొడప్‌గల్. తల్లిదండ్రులు కూలిపని చేసుకునేవాళ్ళు. ఐదో తరగతి దాకా బడికి పోయింది. పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయి ఎల్లారెడ్డికి వచ్చింది. అబ్రాహాము అప్పటికే కామారెడ్డిలో లారీల పని చేసే యాకూబు ఉస్తాద్ దగ్గర ఎనిమిదేళ్ళు ఉండి, చక్రాలు సరిచేసే పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. ఆ పనికి ఇద్దరు కావాలి. రెండు ముందుచక్రాల ముందంచుల మధ్య ఎంత దూరం ఉందో, వెనకంచుల మధ్య ఎంత ఉందో టేపుతో కొలవాలి. ఆ తేడాను బట్టి చక్రాలను కలిపే రాడ్డును తిప్పాలి. టేపు కొస పట్టుకోవడానికి అబ్రాహాము రోడ్డు మీద పోయేవాళ్ళను పిలిచేవాడు. ఒకడు గట్టిగా గుంజేవాడు, ఇంకొకడు మధ్యలో కొస వదిలేసి బీడీ ముట్టించేవాడు. ఒకరోజు ఎవరూ దొరక్క, అన్నం తెచ్చిన భార్యనే "జర ఈ కొస పట్టుకో" అన్నాడు. సాలవ్వ గిన్నె కింద పెట్టి పట్టుకుంది. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. అబ్రాహాము టేపు వంకా ఆమె వంకా చూసి, "రేపు గూడ గీ టయానికే అన్నం తే" అన్నాడు.

అట్లా పట్టుకున్న కొసను ఆమె ఇరవై మూడేళ్ళు వదల్లేదు.

పదకొండేళ్ళ కిందట అబ్రాహాముకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తూ నడవాల్సి వచ్చింది, మాట ముద్దగా మారింది. కూతురు గ్లోరీ అప్పుడింకా నర్సింగు చదువుతోంది. షెడ్డు ఎవరికైనా కిరాయికి ఇచ్చేయమని చుట్టాలు చెప్పారు. సాలవ్వ వారం రోజులు మంచం పక్కనే ఉంది. ఎనిమిదో రోజు పొద్దున షెడ్డు తెరిచి, పానాలన్నీ కిరోసిన్‌తో తుడిచి వరసగా పెట్టుకుంది. టేపు కొస పట్టేవాళ్ళు లేరు కాబట్టి దానికో ఇనుప కొక్కెం చేయించుకుంది.

కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. ఆడమనిషి బండి కింద దూరడమేందని నవ్వినవాళ్ళూ ఉన్నారు. చివరికి నస్రుల్లాబాద్ నుంచి నారాయణ అనే పెద్దరైతు, ఎల్లారెడ్డికి ట్రాలీతో వచ్చి స్టీరింగు సతాయించడంతో, గత్యంతరం లేక షెడ్డు ముందు ఆపాడు. ఇంజను ఆపాడు గానీ సీటు దిగలేదు.

"దిగు పటేలా. నువ్వు మీద కూసుంటె నాకు పని కాదు" అంది సాలవ్వ.

ఆయన దిగి, చేతులు కట్టుకుని, పని అయ్యేదాకా కన్నార్పకుండా చూశాడు. తర్వాత రోడ్డెక్కి, కొంతదూరం పోయాక స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేశాడు. ట్రాక్టరు గీత గీసినట్టు పోయింది. ఆ సంగతి ఆయనే నాలుగూళ్ళలో చెప్పుకున్నాడు. ఆ తర్వాత సాలవ్వకు పని లేని రోజు లేదు. అబ్రాహాము మాత్రం షెడ్డుకు రావడం మానేశాడు. వెనక ఇంటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పానాల చప్పుడు వింటూ కూర్చునేవాడు. రమ్మంటే, "వచ్చి... ఏం జేస్త" అనేవాడు.

మొన్నటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఒక ట్రాలీ ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని మీద తాళ్ళతో కట్టిన బండి మోకాలెత్తు కూడా లేదు. పైపులతో అల్లిన చట్రం, దాని అడుగున ఒక రేకు, నాలుగు చిన్న లావుపాటి చక్రాలు. కప్పు లేదు, తలుపులు లేవు. సీటు కూడా నడిమధ్యన లేదు, ఎడమకు జరిగి ఉంది. కుడిపక్కన ఇంజను బిగించి ఉంది.

ఆటోలోంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి దిగారు. అమ్మాయి ముందుకు వచ్చి, "సాలవ్వా, నేను నస్రుల్లాబాద్ నారాయణ పటేలు బిడ్డను. ఆశ్రిత. ఈయన మహేందర్, మా క్లాసే. కామారెడ్డిల ఇంజనీరింగు చదువుతున్నం" అంది.

"పటేలు బిడ్డవా! గింత పెద్దగైనవా? మరి గిదేంది బిడ్డా, గడ్డి కోసే మిషనా?"

మహేందర్ ముఖం చిన్నబోయింది. ఆ చట్రం వెల్డింగు అంతా అతనిదే. ఆశ్రిత పకపకా నవ్వింది. "రేసు బండి అవ్వా. కార్టు అంటరు. మేమే తయారు జేసినం. వచ్చే నెల హైదరాబాద్ అవతల కాలేజీలకు పోటీ ఉన్నది. నేనే నడుపుత."

"నువ్వే?"

"నేనే."

సాలవ్వ ఆ పిల్లను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "మంచిగున్నది" అంది. అన్నది బండి గురించో పిల్ల గురించో చెప్పలేదు.

బండికి వచ్చిన జబ్బు ఇది. ప్రాక్టీసు మొదలుపెట్టి రెండు రోజులు కాకుండానే ముందుటైర్ల లోపలి అంచులు గీకేసినట్టు అరిగిపోయాయి. నేరుగా పోతుంటే బండి అటూ ఇటూ తల తిప్పుతోంది. కామారెడ్డిలో కంప్యూటరు అలైన్‌మెంటు చేసేచోటికి తీసుకుపోతే, వాళ్ళ యంత్రం కొక్కేలు ఇంత చిన్న చక్రానికి పట్టలేదు. అక్కడివాళ్ళు నవ్వి పంపించేశారు. అప్పుడు నారాయణ కూతురికి ఫోన్లో, "అటిటు ఎందుకు తిరుగుడు, సాలవ్వ కాడికి తీస్కపో" అని చెప్పాడు.

సాలవ్వ టైరు మీద అరచెయ్యి పెట్టి రాసి చూసింది. "ముందంచులు బయటికి తెరుసుకున్నయ్. మస్తు తెరుసుకున్నయ్" అంది.

మహేందర్ నోటుబుక్కు తీశాడు. "కార్టుకు జరంత బయటికే ఉండాల్నట అవ్వా. రెండు మిల్లీమీటర్లు. టో-ఔట్ అంటరు. బయటికుంటెనే మలుపుల తొందరగ తిరుగుతది."

"ముప్పై ఏండ్ల సంది చక్రాలతోటే బతుకుతున్న బిడ్డా. ముందంచులు లోపలికి ఉంటెనే బండి సక్కగ పోతది. పోయేటప్పుడు అవ్వే తెరుసుకుంటయ్."

ట్రాక్టరుకు అది నిజం. మహేందర్ ఇంకేదో అనబోయాడు. ఆశ్రిత అతని మోచేతిని పొడిచింది. నోటుబుక్కు మూసుకున్నాడు.

సాలవ్వ కొక్కెం తగిలించి, స్టీరింగు రాడ్డు కింద నుంచి టేపు దూర్చి, సుద్దతో గుర్తులు పెట్టుకుని, తనకు తెలిసినంత శ్రద్ధగా పని చేసింది. ముందంచులు ఆరు మిల్లీమీటర్లు లోపలికి వచ్చాయి. పిల్లలు దండం పెట్టి వెళ్ళిపోయారు.

మూడో రోజు సాయంత్రం ఆశ్రిత ఫోన్ చేసింది. గొంతు నెమ్మదిగా ఉంది.

"అవ్వా, నేరుగా పోతే మస్తు పోతున్నది. కానీ మలుపు కాడ తిరుగుతలేదు. నేను తిప్పుతనే ఉన్న, అది నేరుగనే పోతున్నది. టైర్ల గోడకు గుద్దిన."

"అయ్యో బిడ్డా! దెబ్బ తగిలిందా?"

"మణికట్టు జర వాసింది. ఏం కాలే. బాపుకు చెప్పకు."

సాలవ్వ ఫోన్ పెట్టేసి, చేతిలోని పానా పక్కన పడేసింది. పదకొండేళ్ళలో పని కుదరలేదని ఒక్క బండి కూడా ఆమె దగ్గరికి తిరిగి రాలేదు. అదట్లా ఉంచి, పిల్ల చెయ్యి విరిగి ఉంటే? ఇంట్లోకి పోయి అబ్రాహాముకు చెప్పింది. అతను అంతా విన్నాడు. ముద్దమాటను కూడదీసుకుంటూ అడిగాడు.

"బండి... నడిచేటప్పుడు... సూసినవా?"

"లేదు. ఆటోల తెచ్చిన్రు, ఆటోల తీస్కపోయిన్రు."

"మరి... పోయి సూడు."

"పోత. నువ్వు గూడ రా."

"నేను... ఏం జేస్త?"

"ఏం జెయ్యకు. నా పక్కపొంటి కూసో. నాకు ధైర్యం."

అబ్రాహాము ఆమె ముఖం చూశాడు. సాలవ్వ ధైర్యం కావాలని అడగడం అతను ఎన్నడూ వినలేదు. తెల్లారి ఇస్త్రీ చొక్కా తొడగమన్నాడు.

లింగంపేట మీదుగా పోయే బస్సులో ఇద్దరూ కామారెడ్డి చేరారు. అక్కడి ఆసుపత్రిలోనే నర్సుగా చేస్తున్న గ్లోరీ బస్టాండుకు వచ్చి, తండ్రిని దింపి, ఇద్దరినీ ఆటో ఎక్కించింది. "అమ్మా, బాపును బయటికి తెచ్చినవంటె నువ్వు చిన్న మనిషివి కాదు" అని నవ్వింది.

కాలేజీ వెనక మైదానంలో పాత టైర్లు పేర్చి మలుపులు కట్టుకున్నారు. సాలవ్వ నమస్కారాలూ కుశలాలూ పక్కన పెట్టి ముందు ఆశ్రిత మణికట్టు తిప్పి చూసింది. తర్వాత బండి ఎక్కి నెమ్మదిగా నడపమంది. రెండు చుట్లు చూసింది. బండి మలుపు దగ్గర మొండికేసిన ఎద్దులాగా తల వంచడం లేదు. ఆపమని చెయ్యి ఊపింది. ఆపాక దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి చక్రాల వైపు చూసింది.

"దిగు బిడ్డా."

ఆశ్రిత దిగింది.

"మల్ల ఎక్కు."

ఎక్కింది.

"దిగు. ఎక్కు."

అట్లా ఐదుసార్లు దించి ఎక్కించింది. చుట్టూ చేరిన పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. సాలవ్వ లేచి, మట్టి కూడా దులుపుకోకుండా అట్లాగే నేల మీద కూలబడింది.

"ఏమైందవ్వా?" మహేందర్ కంగారుగా వచ్చాడు.

"దీనికి కమాన్లు లేవు గద" అంది. కమాన్లంటే బండి బరువును మోసే స్ప్రింగు పట్టీలు. "స్ప్రింగులు లేవు, ఏమీ లేవు. మనిషి కూసుంటె బండే వంగుతున్నది. పైపులు దిగుతున్నయ్. పైపులు దిగంగనే చక్రాలు తెరుసుకుంటున్నయ్. ట్రాక్టరు మీద నువ్వు కూసుంటె దానికి ఈగ వాలినట్టు. గీ బండికి నువ్వే సగం బరువు."

మహేందర్ కళ్ళు పెద్దవి చేశాడు. "అంటే మేం మొదట్ల పెట్టింది..."

"నువ్వెట్ల కొలిసినవ్?"

"బండి ఖాళీగనే."

"నేను గూడ ఖాళీగనే కొలిసిన." సాలవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు పుస్తకం జూసి జెప్పిన ముచ్చట కరెక్టే బిడ్డా. దీనికి జరంత బయటికే ఉండాలె. నేనే ఇనలే. ట్రాక్టరు బుద్ధి తెచ్చి దీనికి పెట్టిన. నా కొలత తప్పు, నీ కొలత గూడ తప్పే. ఇద్దరం మనిషిని ఇడిసిపెట్టి బండిని కొలిసినం."

మహేందర్ నోటుబుక్కు తెరిచి, మళ్ళీ మూసి, నవ్వేశాడు.

అయితే కొలవడం ఎట్లా? ఆశ్రిత సీట్లో కూర్చుంటే కాళ్ళు ముందుకు చాపి రెండు చక్రాల మధ్యనే పెట్టాలి. టేపు పోయే సందు లేదు. సాలవ్వ పైనుంచి చూసింది, కింద నుంచి చూసింది. అప్పుడు చెట్టు కింద కుర్చీలో ఉన్న అబ్రాహాము ఎడమ చెయ్యి ఎత్తాడు.

"దారం" అన్నాడు.

"ఏంది?"

"ఉస్తాద్... లారీలకు... రెండుపక్కల... దారం."

సాలవ్వ ముఖం వెలిగింది. పెళ్ళయిన కొత్తలో అబ్రాహాము ఎన్నోసార్లు చెప్పిన ముచ్చటే అది. యాకూబు ఉస్తాద్ పొడుగు లారీలకు టేపు పెట్టేవాడు కాడు. రెండు పక్కలా రెండు దారాలు బిగించి, దారం నుంచి చక్రం దాకా బయటి నుంచే కొలిచేవాడు. అట్లా అయితే ఆశ్రిత కాళ్ళు ఎక్కడుంటే ఏం?

ముందు సమమైన నేల కావాలి. సాలవ్వ ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని బయల్దేరింది. వర్క్‌షాపులో ఒలకబోస్తే నీళ్ళు గుమ్మం వైపు పరుగెత్తాయి. పోర్టికోలో ఎడమకు పారాయి. బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో పోస్తే మాత్రం ఎటూ పోకుండా రొట్టెలాగా గుండ్రంగా నిలిచాయి. "ఈడ" అంది. బండిని అక్కడికి మోసుకొచ్చారు. కొత్త గదులు కడుతున్న మేస్త్రీని అడిగి నైలాన్ దారం, నాలుగు ఇటుకలు తెచ్చారు. టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూశారు. స్టీరింగును నేరుగా పెట్టి మహేందర్ బెల్టుతో కట్టేశారు. సాలవ్వ ఇటుకలకు దారాలు బిగించి, రెండు దారాలూ బండికి చెరోపక్క ఒకే దూరంలో, ముందూ వెనకా ఒకే ఎడంలో వచ్చేదాకా జరుపుతూనే ఉంది. దానికే ముప్పావుగంట పట్టింది.

ఇప్పుడు రెండు పక్కలా ఇద్దరు ఒకేసారి కొలత చూడాలి. ఎడమపక్క సాలవ్వ కూర్చుంది. కుడిపక్క ఒక విద్యార్థి బోర్లా పడుకుని స్కేలు పెట్టి, "సుమారు ముప్పై ఎనిమిదుంటది" అన్నాడు.

"సుమారంటె ఎట్ల బిడ్డా?" అని సాలవ్వ లేచి అబ్రాహాము దగ్గరికి పోయింది. "ఏమయ్యా, రా."

అతను కుడిచేతి వంక చూసుకున్నాడు.

"ఎడమ చెయ్యి ఉన్నది గద. కండ్లు ఉన్నయ్ గద. రా."

ఇద్దరు పిల్లలు పట్టుకుని అతన్ని నేల మీద కూర్చోబెట్టారు. సాలవ్వ తన కళ్ళద్దాలు తీసి అతనికి పెట్టబోతే, తనవి జేబులోనే ఉన్నాయని సైగ చేశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడన్న మాట. సాలవ్వ తిరిగి ఎడమపక్కకు పోయి కూర్చుంది.

అబ్రాహాము ఎడమచేత్తో ఉక్కు స్కేలు పట్టుకుని దారానికి ఆనించాడు. మొదట ఖాళీ బండిని కొలిచారు. ఒక్కో చక్రం ముందంచు వెనకంచు కంటే మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉంది. రెండూ కలిపితే సాలవ్వ షెడ్డులో పెట్టిన ఆరు. తర్వాత ఆశ్రిత రేసు డ్రెస్సు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది.

"ముందట... ముప్పై ఎనిమిదిన్నర" అన్నాడు అబ్రాహాము. "ఎనక... ముప్పై ఏడు."

"నాకు గూడ గంతే." సాలవ్వ తలెత్తింది. "మూడుండాల్సింది ఒకటిన్నర అయింది. సూసిన్రా? పిల్ల కూసుంటె ఒక్కో పక్క ఒకటిన్నర పోయింది."

ఇక తిప్పడమే. ప్రతి చక్రానికీ ఒక రాడ్డు, దానికి రెండు చివరలా లాక్‌నట్లు. నట్లు వదులు చేసి, రాడ్డును కొద్దిగా తిప్పి, కొలిచి, మళ్ళీ తిప్పుతూ వచ్చింది. ఎడమపక్క ఎంత తిప్పితే కుడిపక్కా అంతే. బరువు మారుతుందని ఆశ్రితను కదలనివ్వలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"అవ్వా, ముక్కు దురద పెడుతున్నది" అంది ఆశ్రిత హెల్మెట్ లోపలి నుంచి.

"పెట్టనియ్."

"అవ్వా, నిజంగనే పెడుతున్నది!"

చివరికి మహేందర్ పెన్సిల్ దూర్చి ఆమె ముక్కు గీకాడు. హెల్మెట్ కిటికీలోంచి ఆశ్రిత కళ్ళు చిట్లించి తిట్టింది. అబ్రాహాము భుజాలు కదిలేలా నవ్వాడు. స్కేలు జారిపోయింది. మళ్ళీ మొదటి నుంచి కొలవాల్సి వచ్చింది.

ఒక్కో చక్రం ముందంచు ఒక్క మిల్లీమీటరు బయటికి వచ్చింది. రెండూ కలిపి రెండు. సాలవ్వ సంతోషంగా లాక్‌నట్లు బిగించి, పానా కింద పెట్టబోయింది.

"ఆగు" అన్నాడు అబ్రాహాము.

"ఏమైంది?"

"అర... జరిగింది. నట్టు... బిగిస్తె."

"యాడ జరిగింది? నేను సూసిన గద."

"సూడు."

చూసింది. నిజమే. బిగించేటప్పుడు నట్టుతో పాటు రాడ్డు కూడా వెంట్రుకవాసి తిరిగి, అర మిల్లీమీటరు తేడా వచ్చింది. సాలవ్వ మళ్ళీ వదులు చేసి, ఈసారి ఒక పానాతో రాడ్డును కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు బిగించింది. అబ్రాహాము నాలుగుసార్లు చూసి తల ఊపాడు. అప్పుడు గానీ ఆశ్రితను లేవనివ్వలేదు. ఆ పిల్ల కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేక, నవ్వుతూ పక్కకు దొర్లింది.

బండి మైదానంలోకి వచ్చింది. మొదటి మలుపు దగ్గర సాలవ్వ కళ్ళు మూసుకుంది. టైర్ల గోడకు గుద్దిన చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచేసరికి బండి మలుపు దాటి అవతలి గీతలో పోతోంది. ఐదు చుట్లు నెమ్మదిగా, పది చుట్లు వేగంగా తిరిగి వచ్చి ఆగింది. ఆశ్రిత హెల్మెట్ తీస్తూనే, "అవ్వా, నేను మనసుల అనుకుంటె అది తిరుగుతున్నది!" అని అరిచింది.

సాలవ్వ ఆమె మాట సగమే వింది. ముందుటైరు మీద అరచెయ్యి పెట్టింది. లోపలి అంచు, నడుమ, బయటి అంచు. అంతటా ఒకే వేడి, అంటే టైరు నేలకు సమంగా ఆనుతోంది. అబ్రాహాము ఎడమ చెయ్యి పట్టుకుని తెచ్చి అదే టైరు మీద పెట్టింది.

మార్చి మూడో వారంలో పోటీ జరిగింది. ఆ రోజు సాయంత్రం షెడ్డులో ఫోన్ మోగింది. అవతల ఆశ్రిత ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అవ్వా, గెలువలే. తొమ్మిదో నంబరొచ్చింది."

"తొమ్మిదంటె నీ ఎనక ఎంతమంది ఉన్నరు బిడ్డా?"

"ముప్పై రెండు బండ్లు."

"ఇంకేంది మరి! ఏడుస్తవెందుకు?"

అప్పుడు ఆశ్రిత తేరుకుని మిగతాది చెప్పింది. పెద్ద రేసు మధ్యలో చాలా జట్లు ముందుటైర్లు మార్చుకున్నాయి. వీళ్ళు మార్చలేదు. రేసుకు ముందు బండ్లను తనిఖీ చేసే ఆయన లేజరు యంత్రం పెట్టి, ఆశ్రితను కూర్చోబెట్టి చూశాడు. సరిగ్గా రెండు మిల్లీమీటర్లు చూపించింది. ఏ కంపెనీ మిషన్ మీద పెట్టించారని అడిగాడు.

"ఏం జెప్పినవ్?"

"రెండు దారాలు, నాలుగు ఇటుకలు, ఎల్లారెడ్డి సాలవ్వ, అబ్రాహాము బాపు అని చెప్పిన. ఆయన రాసుకున్నడు."

సాలవ్వ ఫోన్‌ను అబ్రాహాము చెవికి పెట్టి, "మల్ల జెప్పు బిడ్డా, ఈయనకు" అంది. అబ్రాహాము అప్పుడు షెడ్డులోనే ఉన్నాడు. కామారెడ్డి నుంచి వచ్చిన మర్నాడే తన ప్లాస్టిక్ కుర్చీని అరుగు మీంచి షెడ్డులోకి వేయించుకున్నాడు. ట్రాక్టరు రాగానే కుర్చీతో సహా చక్రం దగ్గరికి జరిపించుకుంటాడు. "అర... జరిగింది" అంటాడు. "యాడ జరిగింది?" అని సాలవ్వ పోట్లాడుతుంది. బిచ్కుంద నుంచి వచ్చిన రైతు ఒకాయన ఒకసారి ఈ పోట్లాట విని విసిగి, అర మిల్లీమీటరుకు ఇంత లొల్లి ఎందుకన్నాడు. ఇద్దరూ ఒక్కసారే అతని వైపు తిరిగి చూసిన చూపుకు, ఆయన టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్‌లో కాలేజీవాళ్ళు ఇద్దరినీ పిలిచారు. వచ్చే ఏడు బండి కట్టబోయే పిల్లలకు దారాల పని చూపించాలి. సాలవ్వ పొద్దంతా చూపించింది. ప్రతి పిల్లతో, ప్రతి పిల్లగాడితో చేయించింది. "సుమారు" అన్నవాళ్ళతో రెండుసార్లు చేయించింది. పని అయ్యాక ఆశ్రిత వచ్చి, "అవ్వా, ఒక్కసారి నువ్వు కూసో" అంది.

"నేనా? నాకు సైకిలు గూడ రాదు."

"నేర్పిస్త. రెండు కాళ్ళు, రెండు పెడల్లు. గంతే."

"చీర చెయినుల పడతది."

అందుకు వాళ్ళ దగ్గర జవాబు ఉంది. ఒక పెద్ద సైజు రేసు డ్రెస్సు తెచ్చారు. సాలవ్వ సిగ్గుపడుతూ అమ్మాయిల గదిలోకి పోయి, అది తొడుక్కుని, కాళ్ళ దగ్గర నాలుగు మడతలు పెట్టుకుని బయటికి వచ్చింది. అబ్రాహాము గుర్తుపట్టనట్టు ముఖం పెట్టాడు. హెల్మెట్ పెట్టారు, సీట్లో కూర్చోబెట్టారు, ఇంజను స్టార్టు చేశారు. బండి కదలగానే సాలవ్వ "యేసయ్యా!" అని గట్టిగా అంది. మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది. పిల్లలు ఇరుపక్కలా కేకలు వేస్తూ నడిచారు. ఆగి, దిగి, హెల్మెట్ తీసేసరికి ఆమె ముఖం చెమటతో మెరుస్తోంది.

తిరుగుబస్సులో కిటికీ పక్కన అబ్రాహాము కూర్చున్నాడు. కండక్టరు సాలవ్వకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు, అతనికి మామూలు టికెట్టు కొట్టిచ్చి వెళ్ళాడు. తాడ్వాయి దాటాక అబ్రాహాము అడిగాడు.

"భయ...మైందా?"

"మొదటి మలుపు కాడ అయింది. మల్ల కాలే. భూమికి గంత దగ్గర కూసుంటె ఎట్ల ఉరుకుతదో ఎర్కనా! చెట్లన్నీ గిట్ల గిట్ల ఎనకకు పోతున్నయ్. ఎంత స్పీడు పోయిన్నో ఏమో."

"నేను... సూసిన."

"ఎంత పోయిన?"

అబ్రాహాము కాసేపు ఆలోచించినట్టు నటించాడు. "పక్కపొంటి... నడిచిన పిల్లలు... నీకంటె ముందొచ్చిన్రు."

సాలవ్వ ఒక్క క్షణం అతని వంక చూసి, ఫక్కున నవ్వింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"నువ్వు కూసున్న నాడు సూస్త నీ స్పీడు" అంది.

"కూసుంట" అన్నాడు అబ్రాహాము.

"ఎప్పుడు?"

"వచ్చే... నెల. ఆ పిల్లతోటి... మాట్లాడిన."